బాండు కాదమ్మా, ముందు డ్యూటీ చార్టు చూడండి

ప్రశ్న: మేడమ్, కర్నూలులో మాకు 60 పడకల ఆసుపత్రి ఉంది. మా ఆయన సర్జన్. స్టాఫ్, జీతాలు, లెక్కలు నేను చూసుకుంటాను. మాకు 38 మంది స్టాఫ్ నర్సులు కావాలి. పోయిన ఏడాది ఏకంగా 21 మంది మానేశారు. కొందరు హైదరాబాద్, బెంగళూరు కార్పొరేట్ ఆసుపత్రులకు, కొందరు గవర్నమెంట్ కాంట్రాక్ట్ పోస్టులకు పోయారు. కొందరికి పెళ్లిళ్లయ్యాయి. మిగతావాళ్లు చెప్పకుండానే వెళ్లిపోయారు. కొత్తగా చేరినవాళ్లకు 15,000 ఇస్తున్నాం. మనుషులు తక్కువైతే డబుల్ డ్యూటీ చేసినవాళ్లకు రెట్టింపు కడుతున్నాం. నర్సుల్ని చూపించే కన్సల్టెన్సీకి సగం నెల జీతం ఇవ్వాలి. మా బావగారేమో రెండేళ్లలోపు మానేస్తే 50,000 కట్టాలని బాండు రాయించుకుని, ఒరిజినల్ సర్టిఫికెట్లు లాకర్లో పెట్టుకోమంటున్నారు. మా ఆయనా అదే కరెక్ట్ అంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. అలాగని ఈ టెన్షన్ భరించలేకపోతున్నాను. జీతాలు పెంచే స్థితిలో లేము. ఈ వారమే మరో ఇద్దరు రాజీనామా ఇచ్చారు. ఏం చేయమంటారు?
– పేరు రాయవద్దన్న పాఠకురాలు, కర్నూలు

సమాధానం: అమ్మా, సర్టిఫికెట్ల విషయంలో మీ మనసు చెప్పిందే సరైనది. ఆ పని చేయకండి. ఆ కాగితాలు ఆ అమ్మాయి సొత్తు. మూడేళ్ల జీఎన్ఎం నర్సింగ్ డిప్లొమా కోసమో, నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్ కోసమో ఆదోని పక్క పల్లెలోనో, పత్తికొండలోనో వాళ్ల నాన్న చేసిన అప్పు ఇంకా తీరి కూడా ఉండదు. రేపు ఏ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాలన్నా, పై చదువుకు వెళ్లాలన్నా అవి ఆమె చేతిలో ఉండాలి. లాకర్లో పెట్టుకుంటే ఆమె ఆగుతుంది, నిజమే. కానీ భయంతో, కోపంతో ఆగుతుంది. అలా ఆగిన మనిషి చేతికి రాత్రి రెండు గంటలప్పుడు మీ ఐసీయూ రోగిని అప్పగించగలరా? పైగా కర్నూలు ఎంత ఊరు? ఫలానా చోట సర్టిఫికెట్లు పట్టుకుంటారన్న మాట నర్సింగ్ కాలేజీ హాస్టళ్లకు ఇట్టే పాకిపోతుంది. ఆ తర్వాత మీ దగ్గరకు వచ్చేది ఎక్కడా చోటు దొరకని వాళ్లే.

బాండు కూడా మీ బావగారు అనుకున్నంత గట్టిది కాదు. 50,000 అని రాసుకున్నంత మాత్రాన కోర్టు ఆ 50,000 ఇప్పించదు. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 74వ సెక్షన్ ప్రకారం రాసుకున్న మొత్తం పైహద్దు మాత్రమే, దానికి లోబడి న్యాయమైన పరిహారం ఎంతో కోర్టు తేలుస్తుంది. మీరు సొంత ఖర్చుతో డయాలసిస్ ట్రైనింగ్ లాంటిదేదైనా ఇప్పిస్తే, దానికి తగ్గట్టు ఒక ఏడాది ఉండమని రాయించుకోవడంలో అర్థం ఉంది. మామూలు వార్డు డ్యూటీకి బాండు ఎందుకు? 15,000 జీతగత్తె మీద కోర్టుకెళ్లి ఎవరు గెలిచినా మీకు ఒరిగేది లేదు.

ఇక డబ్బు సంగతికి వద్దాం. జీతాలు పెంచే స్థితిలో లేమన్నారు. మీరిచ్చిన అంకెలతోనే లెక్క వేద్దాం, కాగితం పక్కన పెట్టుకోండి. నెలకు 26 డ్యూటీలు అనుకుంటే 15,000 జీతానికి ఒక డ్యూటీ విలువ 577 రూపాయలు. రెట్టింపు అంటే 1,154. ఒక నర్సు మానేశాక ఆ చోటు నెల రోజులు ఖాళీగా ఉండి, ఆ 26 డ్యూటీలూ వేరేవాళ్లు డబుల్ చేస్తే మీరు కట్టేది 30,000. మానేసిన అమ్మాయి జీతం మిగిలింది కాబట్టి అదనంగా పడేది 15,000. కొత్తమ్మాయి వచ్చాక మొదటి మూడు వారాలు ఒంటరిగా వార్డు వదల్లేరు, కానీ జీతం ఇవ్వాలి. అది 10,500. ఆ మూడు వారాలూ రోజుకు రెండు గంటలు ఒక సీనియర్ సిస్టర్ ఆమె పక్కన ఉండాలి. సీనియర్‌కు 20,000 ఇస్తారనుకుంటే ఆ గంటల విలువ 3,500 దాకా అవుతుంది. కన్సల్టెన్సీకి 7,500. యూనిఫాం, రక్త పరీక్షలు, హెపటైటిస్ బి టీకా అన్నీ కలిపి 2,500 వేసుకుందాం. మొత్తం 39,000. దీన్ని 21తో గుణిస్తే 8,19,000.

ఆ మొత్తాన్ని 38 మందికి పన్నెండు నెలలకు పంచితే ఒక్కొక్కరికి నెలకు దాదాపు 1,800 వస్తుంది. అంటే జీతం పెంచడానికి సరిపోయే డబ్బు మీ చేతిలోంచి ఇప్పటికే పోతోంది. ఓవర్‌టైం అని ఒక చోట, కన్సల్టెన్సీ అని ఒక చోట, యూనిఫాం అని ఇంకో చోట రాసి ఉండడం వల్ల ఒక్క మొత్తంగా కనబడటం లేదు. పాత బోరు పైపు కారుతుంటే దాన్ని వదిలేసి పక్కన కొత్త బోరు వేయించడం లాంటిది ఇది. మన సీమలో అలా చేసిన రైతు ఏమవుతాడో మీకు నేను చెప్పక్కర్లేదు.

లెక్కకు అందనివి ఇంకా ఉన్నాయి. కొత్తమ్మాయికి క్యాన్యులా, అంటే సెలైన్ ఎక్కించే సూది గొట్టం, ఒక్కసారికి పడదు, రోగికి రెండు మూడు పోట్లు. ఎన్టీఆర్ వైద్య సేవ కేసుల్లో నోట్సు సరిగా రాయకపోతే క్లెయిమ్ మీద క్వెరీ వస్తుంది, డబ్బు ఆలస్యమవుతుంది. మీ ఆయన రౌండ్స్‌కు వచ్చినప్పుడు ఆపరేషన్ చోట పెట్టిన డ్రెయిన్ గొట్టంలోంచి నిన్న ఎంత వచ్చిందో చెప్పేవాళ్లుండరు. ఆపరేషన్ ఎంత బాగా చేసినా, తర్వాతి మూడు రాత్రులు రోగిని కాపాడేది ఆ పిల్లలే కదమ్మా. డబుల్ డ్యూటీలు చేసీ చేసీ ఉన్నవాళ్లు అలసిపోతారు, వచ్చే నెల రాజీనామా వాళ్ల దగ్గర్నుంచి వస్తుంది. ఒకరు పోతే ఇంకొకరు పోవడానికి దారి పడుతుంది. మీ 21 మందిలో కొంతమంది అలా పోయినవాళ్లే అయి ఉంటారు.

అందరినీ ఆపలేరు, ఆపాలని చూడకూడదు కూడా. 21 మందిలో ఎనిమిది మందిని నిలుపుకున్నారనుకోండి, ఏడాదికి 3,12,000 మిగులుతుంది. మీరు ఖర్చు పెట్టగలిగింది అంత. దాన్ని ఎక్కడ పెట్టాలన్నదే అసలు ప్రశ్న.

అది తేలాలంటే ఒక నోటుబుక్కు తీసుకుని 21 పేర్లూ రాయండి. ఎప్పుడు చేరింది, ఎప్పుడు మానేసింది, ఏ వార్డు, ఆ వార్డు ఇన్‌ఛార్జి సిస్టర్ ఎవరు, హాస్టల్లో ఉండేదా, ఊరి నుంచి బస్సులో వచ్చేదా. ఈ నాలుగైదు సంగతులు చాలు. తర్వాత మూడు నెలల్లోపు పోయినవాళ్లను, ఏడాదిలోపు పోయినవాళ్లను, ఏడాది దాటాక పోయినవాళ్లను విడదీయండి. నేను అనంతపురంలో నర్సింగ్ సూపరింటెండెంట్‌గా చేసినదాన్ని. ఈ పట్టిక వేసిన చోటల్లా నాకు కనబడింది ఒకటే. జనం జీతం గురించి మాట్లాడతారు, కానీ ఎక్కువమంది పోయేది చేరిన కొత్తల్లో. జీతం ఎంతో తెలిసే చేరిన పిల్ల రెండో నెలలో మానేసిందంటే కారణం జీతం కాదు. చేరాక ఆమెకేదో ఎదురైంది. ఒకే ఇన్‌ఛార్జి కింద నుంచి ఐదారుగురు పోయి ఉంటే అదీ ఆ పట్టికే చెబుతుంది.

చెప్పకుండా వెళ్లిపోయారన్న వాళ్లలో ముగ్గురు నలుగురికి ఫోన్ చేయండి. మీరే చేయండి, ఆఫీసు బాయ్‌తో చేయించకండి. "ఎందుకు పోయావు?" అనొద్దు. "మా దగ్గర నీకు కష్టమైంది ఏంటమ్మా, ఉన్నవాళ్లకైనా సరిచేస్తాను" అనండి. ఇప్పుడు వాళ్లకు మీతో పని లేదు కాబట్టి నిజం చెబుతారు.

వాళ్లు చెప్పేది నాకు కొంత తెలుసు. చేరిన వారానికే నైట్ వేశారు, పక్కన సీనియర్ లేదు, పద్దెనిమిది మంది రోగులు, ఒకరికి ఆయాసం వచ్చింది, డ్యూటీ డాక్టరు ఫోన్ ఎత్తలేదు, పొద్దున రౌండ్స్‌లో అందరి ముందూ తిట్టారు. ఇరవై రెండేళ్ల పిల్ల ఆ పొద్దున బాత్రూంలో ఏడ్చి, సాయంత్రానికి బట్టలు సర్దుకుంటుంది. మీ డబ్బు పోయేది సరిగ్గా అక్కడ. అందుకే మొదటి మూడు నెలలకు ఒక కట్టుబాటు పెట్టండి. చేరిన రోజే ఒక సీనియర్ సిస్టర్‌ను ఆమెకు చూపించి, "నీకేం సందేహం వచ్చినా ఈ అక్కనడుగు" అని చెప్పండి. ఆ సీనియర్‌కు ఆ మూడు నెలలూ నెలకు 1,000 అదనంగా ఇవ్వండి. కొత్తమ్మాయి మూడు నెలలు నిలబడితే సీనియర్‌కు మరో 1,000 ఇవ్వండి. మొత్తం 4,000. ఒక్క నర్సు పోతే అయ్యే 39,000 పక్కన అదెంత? మొదటి నెలలో ఒంటరి నైట్ వేయొద్దు. ఏడో రోజు, ముప్పయ్యో రోజు, తొంభయ్యో రోజు మీరు పిలిచి పది నిమిషాలు కూర్చోబెట్టి మాట్లాడండి. ఆ మాటల్లో హాస్టల్ నీళ్లు, బస్సు, తిండి, ఇంట్లో పెళ్లి సంబంధాలు అన్నీ వస్తాయి. విని రాసుకోండి. హెపటైటిస్ బి టీకా మూడు డోసులు, ఆఖరిది ఆరో నెలలో పడుతుంది. రెండో డోసు, మూడో డోసు తేదీలు మీ ఆసుపత్రే గుర్తుపెట్టుకుని పిలిచి వేయిస్తే, ఇక్కడ మన ఒంటి గురించి పట్టించుకునేవాళ్లున్నారని ఆ పిల్లకు అర్థమవుతుంది.

డ్యూటీ చార్టు ఇంకో పెద్ద సంగతి, దీనికి రూపాయి ఖర్చు లేదు. రేపటి డ్యూటీ ఈ రాత్రి వాట్సాప్‌లో పెట్టే అలవాటు ఉంటే మానేయండి. కనీసం రెండు వారాల చార్టు ముందుగా గోడ మీద ఉండాలి. నైట్లు వరుసగా ఎన్నో, నైట్ ఆఫ్ ఎప్పుడో, వీక్లీ ఆఫ్ ఏ రోజో వాళ్లకు తెలియాలి. సంక్రాంతికి, ఉగాదికి, రంజాన్‌కు, పీర్ల పండగకు, క్రిస్మస్‌కు ఎవరెవరికి సెలవు కావాలో నెల ముందే అడగండి. ఒక పండగ డ్యూటీ చేసినవాళ్లకు తర్వాతి పండగకు సెలవు ఖాయమని రాసి పెట్టండి. సాయంత్రం షిఫ్టు రాత్రి తొమ్మిదికి ముగిస్తే కోడుమూరు వైపో, నందికొట్కూరు వైపో వెళ్లాల్సిన అమ్మాయి ఎలా పోతుందో ఎప్పుడైనా అడిగారా? షిఫ్టును ఒక గంట ముందుకు జరిపితే ఆమె బస్సు అందుకుంటుంది. మీకు పోయేదేం లేదు. నెల నెలా మీరు గీసే ఆ గళ్లలోనే వాళ్ల తిండి, నిద్ర, ఇల్లు ఉన్నాయి.

రాత్రుళ్లు ఒక్కో నర్సుకు ఎంతమంది రోగులున్నారో కూడా చూసుకోండి. ఐసీయూలో వెంటిలేటర్ మీద ఉన్న రోగికి ఒక నర్సు, మిగతా ఐసీయూ రోగులైతే ఇద్దరికి ఒకరు అన్నది అందరూ ఒప్పుకున్న ప్రమాణం. 2002లో నర్సింగ్ పరిశోధకురాలు లిండా ఐకెన్ బృందం అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో 168 ఆసుపత్రులను పరిశీలించింది. నర్సు మీద ఒక్క రోగి అదనంగా పడితే, ఆపరేషన్ అయినవాళ్లు ముప్పై రోజుల్లో చనిపోయే అవకాశం 7 శాతం, నర్సు పూర్తిగా డస్సిపోయే అవకాశం 23 శాతం పెరుగుతున్నట్టు తేలింది. దేశం వేరైనా మనుషుల ఒళ్లు ఒకటే. ఈ మాట మీ ఆయనకు తప్పకుండా చెప్పండి, సర్జన్ కాబట్టి మొదటి అంకె ఆయనకు తగులుతుంది.

ఆయనతో మాట్లాడాల్సింది మరొకటి ఉంది. అది మీరే చెప్పాలి, ఇంకెవరూ చెప్పలేరు. రోగి బంధువుల ముందు సిస్టర్లను తిట్టడం ఆగాలి. తప్పు జరిగితే గదిలోకి పిలిచి ఎంత గట్టిగానైనా చెప్పవచ్చు. మీ ఆసుపత్రిలో అలా జరుగుతోందని మీరు రాయలేదు. కానీ ఇంతమంది పోయే చోట నేను ముందుగా అడిగేది ఇదే. ఇన్‌ఛార్జి సిస్టర్లకూ ఇదే వర్తిస్తుంది. బాగా పనిచేసే నర్సును ఇన్‌ఛార్జిని చేసేస్తాం, మనుషుల్ని నడపడం ఆమెకు ఎవరూ నేర్పరు. మీరు నేర్పండి. నేర్పినా ఆమె కింద జనం నిలవకపోతే వార్డు మార్చండి. 1980ల మొదట్లో అమెరికాలో నర్సుల కొరత తీవ్రంగా ఉన్నప్పుడు, ఆ కొరతలోనూ నర్సులు నిలిచిన ఆసుపత్రులేవో అక్కడి నర్సింగ్ అకాడమీ వెతికింది. 163 ఆసుపత్రులను చూసి 41 ఎంచింది. 1983లో ఆ నివేదిక వచ్చింది. నర్సుల మాట వినే పైఅధికారులు, వీలును బట్టి మార్చుకోగల డ్యూటీలు, తమ పనిలో నిర్ణయం తీసుకునే స్వేచ్ఛ, ఇవే ఆ 41 చోట్లా కనబడ్డాయి. వీటిలో ఏదీ 60 పడకల ఆసుపత్రికి అందనిది కాదు.

పెళ్లిళ్ల గురించి మీరు ఒక్క ముక్కలో రాశారు, కాన్పుల మాట రాయలేదు. నా మటుకు నాకు మీరు ఎక్కువ మిగుల్చుకోగలిగింది ఇక్కడే. నెలకు 21,000 లోపు జీతమున్నవాళ్లు ఈఎస్ఐ అనే ఉద్యోగుల బీమా కిందకు వస్తారు. మీ వాటా 3.25 శాతం, వాళ్ల వాటా 0.75 శాతం. చందా రోజులు సరిపోతే, అంటే ముందటి రెండు చందా కాలాల్లో (ఒక్కోటి ఆరు నెలలు) కలిపి 70 రోజులుంటే, కాన్పు సెలవులో 26 వారాల జీతం ఈఎస్ఐ సంస్థే ఇస్తుంది. మీ జేబులోంచి పోదు. ఈ సంగతి తెలియక చాలామంది యజమానులు కడుపుతో ఉన్న నర్సు మానేస్తే బాగుండునని చూస్తారు. మానేయనిస్తారు కూడా. ఐదారేళ్ల అనుభవం ఉన్న మనిషిని అలా పోగొట్టుకుని ఫ్రెషర్‌ను తెచ్చుకుంటారు. మీరలా చేయకండి. సెలవులో ఉండగా ఫోన్ చేసి పలకరించండి. తిరిగొచ్చాక మొదటి ఆరు నెలలు నైట్లు వేయకండి, కుదిరితే రోజుకు నాలుగైదు గంటల డ్యూటీ ఇచ్చి దానికి తగ్గ జీతం ఇవ్వండి. 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న చోట పసిపిల్లలను చూసుకునే గది ఉండాలని 2017లో ప్రసూతి చట్టాన్ని సవరించినప్పుడే నియమం వచ్చింది. నర్సులు, ల్యాబ్, ఫార్మసీ, ఆయాలు అందరినీ కలిపితే మీరు దానికి దగ్గరలోనే ఉంటారు, దాటి కూడా ఉండవచ్చు. ఒక గది, ఒక ఆయా ఉంటే పసిబిడ్డల తల్లులు నిలబడతారు. అలాంటివాళ్లు ఊరు మారరు, బెంగళూరు మాట ఎత్తరు.

పీఎఫ్, ఈఎస్ఐ సరిగా కడుతూ ఉంటే ఆ సంగతి వాళ్లకు అర్థమయ్యేలా చెప్పండి. జీతం కాగితంలో కోత కనబడుతుంది కానీ మీరు కట్టే 12 శాతం పీఎఫ్ వాళ్లకు కనబడదు. ఐదేళ్లు దాటితే గ్రాట్యుటీ వస్తుందని చాలామంది పిల్లలకు తెలియదు. జీతం ఏ తేదీన ఇస్తామన్నారో ఆ తేదీనే ఇవ్వండి. ఇంటికి డబ్బు పంపాల్సిన పిల్లకు వెయ్యి రూపాయల పెంపు కన్నా అది ముఖ్యం.

జీతం గురించి దాచకుండా చెబుతాను. సుప్రీంకోర్టు 2016లో ఇచ్చిన ఆదేశం మీద కేంద్రం వేసిన కమిటీ, 50 నుంచి 100 పడకల ఆసుపత్రుల్లో నర్సుల జీతం ప్రభుత్వ నర్సుల జీతం కన్నా 25 శాతానికి మించి తగ్గకూడదని సిఫార్సు చేసింది. 50 పడకల లోపు వాటికే నెలకు కనీసం 20,000 అంది. మీ 15,000 దానికి చాలా కింద ఉంది. ఒక్కసారిగా చేరుకోలేరని నాకు తెలుసు. కానీ ఏడాది నిండినవాళ్లకు ఎంత, రెండేళ్లకు ఎంత, మూడేళ్లకు ఎంత అన్నది రాసి గోడకు పెట్టండి, కొత్తగా చేరినవాళ్లకు ఎక్కువిచ్చి పాతవాళ్లను అక్కడే ఉంచే పొరపాటు మాత్రం చేయకండి. రాత్రికి ఎనిమిది మంది నైట్‌లో ఉంటే, ఒక్కొక్కరికి 100 చొప్పున నైట్ అలవెన్స్ ఇచ్చినా ఏడాదికి 2,92,000. ఎనిమిది మంది నిలిచిపోతే మిగిలే 3,12,000లోనే అది సర్దుకుంటుంది. అయితే ఖర్చు లేనివి, సీనియర్ అక్క లాంటి తక్కువ ఖర్చువి ముందు మొదలుపెట్టండి. ఆరు నెలల్లో ఓవర్‌టైం బిల్లు తగ్గడం చూస్తారు. ఆ తగ్గినదాన్ని నైట్ అలవెన్స్‌కు మళ్లించండి.

గవర్నమెంట్ పోస్టులకు పోయేవాళ్ల గురించి బాధపడకండి. మన సీమ జిల్లాల గవర్నమెంట్ నర్సు పోస్టుల నోటిఫికేషన్ పడినా, ఎయిమ్స్ నర్సు ఉద్యోగాల నార్సెట్ పరీక్ష వచ్చినా పిల్లలు రాస్తారు, రాయాలి కూడా. పరీక్షకు సెలవు మీరే ఇవ్వండి. అప్పుడు ఎంపికైతే నెల ముందు మీకే వచ్చి చెబుతారు, దాచిపెట్టి మాయమవరు. ఆ నెలలో మీరు ఇంకొకరిని వెతుక్కోవచ్చు. కన్సల్టెన్సీ అవసరం కూడా తగ్గించుకోవచ్చు. కర్నూలు, నంద్యాల నర్సింగ్ కాలేజీల ప్రిన్సిపాళ్లను కలిసి ఆఖరి ఏడాది పిల్లలను ఒక రోజు మీ ఆసుపత్రికి పిలవండి. మీ దగ్గరున్న నర్సులతో మాట్లాడనివ్వండి. హైదరాబాద్ వెళ్లినవాళ్లలో కొందరు గది అద్దె, తిండి ఖర్చు చూసుకుని ఏడాది రెండేళ్లకు తిరిగి రావాలనుకుంటారు. పాత నంబర్లకు పండగకో మెసేజ్ పెట్టండి, రమ్మని అడగండి. అలా తిరిగొచ్చిన నర్సుకు మూడు వారాల ట్రైనింగ్ అక్కర్లేదు.

ఇక ఈ వారం రాజీనామా ఇచ్చిన ఇద్దరి సంగతి. ఇద్దరినీ వేర్వేరుగా పిలిచి మాట్లాడండి. ఉండమని ఒక్కసారి అడగండి, బతిమాలొద్దు, భయపెట్టొద్దు. వాళ్ల కారణం మీరు ఈ నెలలోనే సరిచేయగలిగేదైతే, డ్యూటీ మార్పో, హాస్టల్ గదో అయితే, చేస్తానని తేదీతో సహా చెప్పండి. అయినా పోతామంటే నోటీసు రోజులు ముగిసిన నాడే రిలీవింగ్ లెటర్, ఎక్స్‌పీరియెన్స్ సర్టిఫికెట్, రావాల్సిన జీతం మొత్తం చేతికివ్వండి. ఓవర్‌టైం బాకీ ఉంటే అదీ అందులోనే కలపండి. మిగిలిన నర్సులంతా మీరు వాళ్లిద్దరినీ ఎలా పంపిస్తారో చూస్తుంటారు.